సర్వర్‌లో మాత్రమే పగిలిన రైల్స్ బిల్డ్: జెమ్‌ఫైల్.లాక్ రిపోలో ఎందుకు ఉండాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రైల్స్ 7.0 (రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్, ఆరుగురి టీమ్. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లు భరించలేక ఎవరో ఎప్పుడో జెమ్‌ఫైల్.లాక్‌ని (అప్లికేషన్ వాడే రూబీ లైబ్రరీల, అంటే జెమ్‌ల, కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైల్) గిట్ఇగ్నోర్‌లో (రిపోలోకి తీసుకోవద్దని గిట్‌కి చెప్పే ఫైళ్ల జాబితా) పెట్టేశారు. డాకర్ ఇమేజ్ (అప్లికేషన్‌నీ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన ప్యాకేజీ) సీఐలో, అంటే కోడ్‌ని దానంతటదే బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థలో తయారవుతుంది. చాలా కాలం ఏ ఇబ్బందీ లేదు. సీఐ రన్నర్ (ఆ బిల్డ్‌లు నడిపే మెషీన్) మార్చిన రోజు మాత్రం అదే కమిట్‌తో, అదే డాకర్‌ఫైల్‌తో బిల్డ్ చేస్తే అప్లికేషన్ లేవడమే లేదు. లాగ్‌లో “అన్‌ఇనిషియలైజ్డ్ కాన్‌స్టంట్ యాక్టివ్‌సపోర్ట్::లాగర్‌థ్రెడ్‌సేఫ్‌లెవెల్::లాగర్” అని వస్తోంది. మీ ల్యాప్‌టాప్‌లో అన్నీ బానే నడుస్తున్నాయి. “కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, మరి ఏం మారింది? లాక్ ఫైల్ తీసేసి కొత్తగా తయారు చేసుకుంటే సరిపోతుందా? మా కంపెనీ లోపల వాడుకునే జెమ్‌కి కూడా లాక్ ఫైల్ పెట్టాలా?” అని అడిగారు.

ముందుగా ఒక మాట. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ లాక్ ఫైల్‌ని దయచేసి తీసేయకండి. నడుస్తున్న వెర్షన్లు ఏవో చెప్పగలిగే ఆధారాలు ఇప్పుడు మీ దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ఆ ఫైల్, రెండోది చివరిసారి సరిగ్గా నడిచిన డాకర్ ఇమేజ్. రెండూ జాగ్రత్త చేసుకున్నాకే మిగతా పని.

మారింది మీ కోడ్ కాదు, దాని కింద ఉన్న కన్‌కరెంట్-రూబీ అనే జెమ్. మీకు కావాల్సిన జెమ్‌లని మీరు రాసుకునే జెమ్‌ఫైల్‌లో దాని పేరే ఉండదు. రైల్స్‌లోని యాక్టివ్‌సపోర్ట్ దాన్ని తెచ్చుకుంటుంది. 2025 జనవరిలో ఆ జెమ్ 1.3.5 వెర్షన్ వచ్చింది. అంతకుముందు వెర్షన్లు తమ అవసరం కోసం రూబీలోని లాగర్ లైబ్రరీని లోడ్ చేసుకునేవి, 1.3.5లో ఆ లోడింగ్ తీసేశారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు, తమకు అక్కర్లేని డిపెండెన్సీని తగ్గించుకున్నారు. కానీ రైల్స్ 7.0లోనూ అంతకన్నా పాత వాటిలోనూ యాక్టివ్‌సపోర్ట్‌లోని ఒక ఫైల్ లాగర్ అనే పేరును వాడుతుంది గానీ దాన్ని తను లోడ్ చేసుకోదు. ఇన్నాళ్లూ కన్‌కరెంట్-రూబీ పుణ్యమా అని అది ముందే లోడ్ అయి ఉండేది కాబట్టి బండి నడిచిపోయింది. ఆ ఆసరా పోగానే అప్లికేషన్ బూట్ అవుతూనే ఆగిపోయింది.

మరి రన్నర్ మార్చిన రోజే ఎందుకు పగిలింది? మీరు పెట్టిన డాకర్‌ఫైల్‌లో ముందు జెమ్‌ఫైల్‌ని కాపీ చేసి, ఆ తర్వాత బండిల్ ఇన్‌స్టాల్ (జెమ్‌ల వెర్షన్లు ఎంచి దింపే బండ్లర్ అనే టూల్ కమాండ్) నడుపుతున్నారు. జెమ్‌ఫైల్ మారనంత కాలం డాకర్ ఆ లేయర్‌ని మళ్లీ నడపదు, కాష్‌లోంచి పాతదే తీసి ఇస్తుంది. అంటే ఇన్నాళ్లూ మీకు లాక్ ఫైల్ పని చేసిపెట్టింది డాకర్ కాష్. మీకు తెలియకుండానే, ఏ హామీ లేకుండానే. కొత్త రన్నర్‌లో ఆ కాష్ లేదు. బండ్లర్‌కి చేతిలో లాక్ ఫైల్ లేదు కాబట్టి జెమ్‌ఫైల్ ఒక్కటే చూసి, నియమాలకు లోబడి ఆ రోజుకి దొరికే కొత్త వెర్షన్లు ఏరుకుంది. మీ ల్యాప్‌టాప్‌లో పాత లాక్ ఫైల్ ఉంది కనుక అక్కడ 1.3.4 అలాగే ఉండిపోయింది.

నా వరకు ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న ఒకటే: ఏ వెర్షన్ వాడాలన్న నిర్ణయం ఎవరు, ఎప్పుడు తీసుకుంటున్నారు? టెస్టులు చేతిలో పెట్టుకుని, మనిషి చూస్తుండగా తీసుకోవాల్సిన నిర్ణయం అది. మీ దగ్గర ఆ నిర్ణయం బిల్డ్ మెషీన్ తీసుకుంటోంది, అదీ డిప్లాయ్ నడుమ, ఎవరూ చూడకుండా. కింద నేను చెప్పేవన్నీ ఈ ఒక్క విషయాన్ని సరిదిద్దడానికే.

లాక్ ఫైల్‌ని తెరిచి చదివే అలవాటు చాలామందికి ఉండదు. “మెషీన్ రాసిన ఫైల్, మనకెందుకు” అనుకుంటారు. నిజానికి అది చాలా తేలిగ్గా అర్థమయ్యే ఫైల్. మీ దాంట్లో ఈ భాగం చూడండి (ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను):

    యాక్టివ్‌సపోర్ట్ (7.0.8)
      కన్‌కరెంట్-రూబీ (~> 1.0, >= 1.0.2)
      ఐ18ఎన్ (>= 1.6, < 2)
      మినిటెస్ట్ (>= 5.1)
      టీజెడ్‌ఇన్‌ఫో (~> 2.0)
    ...
    కన్‌కరెంట్-రూబీ (1.3.4)

మొదటి వరుసలో ఉన్నది మీరు వాడుతున్న కచ్చితమైన వెర్షన్. దాని కింద జరిపి రాసిన నాలుగు వరుసలు యాక్టివ్‌సపోర్ట్ పెట్టిన షరతులు. “కన్‌కరెంట్-రూబీ 1.0.2 గానీ ఆపైది గానీ కావాలి, 2.0 మాత్రం వద్దు” అని ఆ షరతుకి అర్థం. 1.3.4 ఆ షరతులో ఇముడుతుంది, 1.3.5 కూడా ఇముడుతుంది. షరతు ప్రకారం రెండూ ఒప్పే, కానీ మీ అప్లికేషన్‌ని నడిపించేది వాటిలో ఒకటే. చివరి వరుసలో జరపకుండా విడిగా ఉన్న 1.3.4 అనేదే బండ్లర్ చేసిన ఎంపిక. జెమ్‌ఫైల్ ఇంటి నుంచి రాసుకెళ్లిన సరుకుల చీటీ అయితే, లాక్ ఫైల్ దుకాణంలో ఇచ్చిన బిల్లు. చీటీలో “కందిపప్పు” అనే ఉంటుంది, ఏ బ్రాండ్ ఎన్ని కిలోలు కొన్నామో బిల్లులోనే తెలుస్తుంది.

ఇంకా కిందికి వెళ్తే ప్లాట్‌ఫామ్స్ అనే విభాగం, డిపెండెన్సీస్ అనే విభాగం (మీరు జెమ్‌ఫైల్‌లో నేరుగా రాసినవి), అన్నింటికన్నా అడుగున “బండిల్డ్ విత్” కింద బండ్లర్ వెర్షన్ కనిపిస్తాయి. ఆ చివరి నంబర్‌ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. బండ్లర్ 2.3 నుంచి మీరు ఏ బండ్లర్‌తో మొదలుపెట్టినా, లాక్ ఫైల్‌లో రాసి ఉన్న వెర్షన్‌కి అదే మారి పని చేస్తుంది. దీనివల్ల “నా బండ్లర్ ఒకలా రాస్తుంది, నీది ఇంకోలా రాస్తుంది” అనే పంచాయితీ చాలావరకు తగ్గింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. చివరిసారి ప్రొడక్షన్‌లో సరిగ్గా నడిచిన ఇమేజ్ ట్యాగ్ వెతకండి. ఆ ఇమేజ్ బిల్డ్ అయినప్పుడు బండిల్ ఇన్‌స్టాల్ నడిచింది కాబట్టి, లాక్ ఫైల్ దాని లోపలే తయారై ఉంటుంది. ఇలా బయటికి తీయండి:

    డాకర్ రన్ --ఆర్ఎమ్ మీ-ఇమేజ్:పాత-ట్యాగ్ క్యాట్ /యాప్/జెమ్‌ఫైల్.లాక్ > జెమ్‌ఫైల్.లాక్

కొత్తగా పగిలిన ఇమేజ్ నుంచి కూడా అలాగే ఒక కాపీ తీసి, రెండింటికీ డిఫ్ కొట్టండి. కన్‌కరెంట్-రూబీ ఒక్కటే కాదు, ఇంకా చాలా వరుసలు మారి ఉండటం చూస్తారు. మీరెవరూ రివ్యూ చేయని, ఎవరూ టెస్ట్ చేయని మార్పులు అవన్నీ. ఆ డిఫ్‌ని టీమ్ అందరికీ ఒకసారి చూపించండి. లాక్ ఫైల్ రిపోలో ఎందుకు ఉండాలో అరగంట ఉపన్యాసం కన్నా ఆ తెర బాగా చెబుతుంది.

ల్యాప్‌టాప్‌లోది కాకుండా ఇమేజ్‌లోదే తీసుకోమనడానికి కారణం ఉంది. యూజర్ల ముందు ఇన్నాళ్లూ నడిచి నిలబడినవి ఆ వెర్షన్లే. ఆరుగురి ల్యాప్‌టాప్‌లలో ఆరు రకాల లాక్ ఫైళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఎవరిది సరైనది అని వాదించుకోవడం కన్నా ప్రొడక్షన్‌లోదాన్ని ప్రమాణంగా పెట్టుకోవడం మేలు. ఆ ఫైల్‌ని రిపోలో పెట్టి, గిట్ఇగ్నోర్‌లోంచి ఆ వరుస తీసేసి, రెండూ ఒకే కమిట్‌లో పంపండి. మిగతావాళ్లు ఆ మార్పు పుల్ చేసుకునే ముందు తమ దగ్గరున్న లాక్ ఫైల్‌ని పక్కకి పేరు మార్చి పెట్టుకోవాలి. లేదంటే అది గిట్ఇగ్నోర్‌లో ఉన్న ఫైల్ కాబట్టి గిట్ ఏమీ అడగకుండానే దాన్ని ఓవర్‌రైట్ చేసేస్తుంది.

లాగర్ సమస్యకి శాశ్వత పరిష్కారం వేరేగా చేయాలి. కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని బూట్.ఆర్‌బీ ఫైల్‌లో, బండ్లర్ సెటప్ వరుస కింద, రిక్వైర్ "లాగర్" అని ఒక్క వరుస చేర్చండి. జెమ్‌ఫైల్‌లో కన్‌కరెంట్-రూబీని 1.3.4కి బిగించేయమని కూడా చాలామంది చెబుతారు. అదీ పని చేస్తుంది గానీ నాకు నచ్చదు. ఏడాది తర్వాత ఆ వరుస ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు, తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఇంకో సంగతి, రైల్స్ 7.0కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2025 ఏప్రిల్ 1తో ఆగిపోయాయి. ఈ గొడవ చల్లారాక 7.1కి, ఆపైకి వెళ్లే పని మొదలుపెట్టండి. ఆ ప్రయాణంలో కూడా లాక్ ఫైల్ లేకపోతే ఏ మార్పు వల్ల ఏది పగిలిందో తేల్చుకోలేక నానా అవస్థ పడతారు.

ఇక కాన్‌ఫ్లిక్ట్‌ల విషయం. మీ టీమ్ ఆ ఫైల్‌ని వదిలించుకోవడానికి అసలు కారణం అదే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను. ఇద్దరు వేరువేరు బ్రాంచ్‌లలో చెరో జెమ్ చేర్చితే లాక్ ఫైల్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. అప్పుడు చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, ఆ గుర్తుల మధ్య వరుసలను చేత్తో కలిపేయడం. చూడ్డానికి బానే ఉంటుంది గానీ, ఒక జెమ్ కోరిన షరతుకి ఇంకో చోట ఎంచుకున్న వెర్షన్ సరిపోని ఫైల్ తయారవ్వచ్చు. రెండోది ఇంకా ప్రమాదం: ఫైల్ మొత్తం తీసేసి బండిల్ ఇన్‌స్టాల్ కొట్టడం. అది కాన్‌ఫ్లిక్ట్‌ని పరిష్కరించడం కాదు, అప్లికేషన్‌లోని ప్రతి జెమ్‌నీ ఒకేసారి అప్‌గ్రేడ్ చేయడం. “కాన్‌ఫ్లిక్ట్ తీసేశాను” అనే రెండు మాటల కమిట్ మెసేజ్ వెనక వంద వెర్షన్లు మారిపోతాయి.

నేను చేసే పద్ధతి ఇది. జెమ్‌ఫైల్‌లో కాన్‌ఫ్లిక్ట్ ఉంటే దాన్ని చేత్తోనే సరిచేస్తాను, అది మనిషి రాసిన ఫైల్ కాబట్టి. లాక్ ఫైల్‌కి మాత్రం మెయిన్ బ్రాంచ్‌లో ఉన్నదాన్ని యథాతథంగా తీసుకుంటాను:

    గిట్ చెకౌట్ ఆరిజిన్/మెయిన్ -- జెమ్‌ఫైల్.లాక్
    బండిల్ ఇన్‌స్టాల్

బండ్లర్ ఇక్కడ చాలా పద్ధతిగా నడుచుకుంటుంది. లాక్ ఫైల్‌లో ఇప్పటికే ఉన్నవాటిని కదిలించకుండా, జెమ్‌ఫైల్‌లో కొత్తగా కనిపించినదాన్నీ దానికి కావాల్సిన వాటినీ మాత్రమే చేరుస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మీ బ్రాంచ్‌లో జెమ్‌ఫైల్ ముట్టుకోకుండా ఏదైనా జెమ్‌ని అప్‌డేట్ చేసి ఉంటే, మెయిన్‌లోది తీసుకోగానే ఆ మార్పు పోతుంది. ఆ జెమ్ వరకు అప్‌డేట్ కమాండ్ మళ్లీ నడపాలి. అందుకే అప్‌డేట్ ఏ కమాండ్‌తో చేశారో కమిట్ మెసేజ్‌లో రాసే అలవాటు మా టీమ్‌లో పెట్టాను. లాక్ ఫైల్ ఎలా పుట్టిందో ఎవరైనా మళ్లీ చేసి చూసుకోగలగాలి.

అప్‌డేట్ కమాండ్ అన్నాను కాబట్టి ఇన్‌స్టాల్‌కీ అప్‌డేట్‌కీ తేడా కూడా చెప్పేస్తాను. బండిల్ ఇన్‌స్టాల్ లాక్ ఫైల్ మాట వింటుంది. పేరేమీ ఇవ్వకుండా ఒట్టి బండిల్ అప్‌డేట్ కొడితే అది లాక్ ఫైల్‌ని పక్కన పెట్టి అన్నీ మొదటి నుంచి లెక్కేస్తుంది. అలా ఒట్టి అప్‌డేట్ ఎవరూ కొట్టకూడదని టీమ్‌లో గట్టి నియమం పెట్టండి. ఒక జెమ్ కావాలంటే దాని పేరు ఇవ్వండి. దాంతోపాటు అది ఇతరులతో పంచుకునే డిపెండెన్సీలు కదలకూడదంటే --కన్సర్వేటివ్ చేర్చండి:

    బండిల్ అప్‌డేట్ --కన్సర్వేటివ్ నోకోగిరి

ఇలా చేసిన పుల్ రిక్వెస్ట్‌లో డిఫ్ నాలుగైదు వరుసలకి మించదు. నాలుగైదు వరుసలైతే రివ్యూ చేసేవాళ్లు నిజంగా చదువుతారు. మూడు వందల వరుసల డిఫ్ వస్తే ఎవరూ చదవరు, “బాగుంది” అని కొట్టేసి వెళ్లిపోతారు. కోడ్ రివ్యూలో లాక్ ఫైల్ డిఫ్ చదవడం మానేసిన టీమ్‌కి లాక్ ఫైల్ వల్ల దక్కే లాభంలో సగం పోయినట్టే.

ఇప్పుడు సర్వర్ వైపు. లాక్ ఫైల్ రిపోలో ఉంటే పని సగమే అయింది. బిల్డ్ మెషీన్ దాన్ని మార్చకుండా కూడా చూడాలి. మామూలు బండిల్ ఇన్‌స్టాల్‌లో, జెమ్‌ఫైల్‌కీ లాక్ ఫైల్‌కీ పొత్తు కుదరకపోతే బండ్లర్ సహాయం చేస్తున్నాననుకుని లాక్ ఫైల్‌ని అక్కడికక్కడే సవరించేస్తుంది. ల్యాప్‌టాప్‌లో మనకి కావాల్సింది అదే. సీఐలో అదే కొంప ముంచుతుంది. అక్కడ బండ్లర్ ఆగిపోవాలి, బిల్డ్ ఎర్రగా పడాలి. దానికి రెండు సెట్టింగ్‌లున్నాయి. ఫ్రోజెన్ అనేది లాక్ ఫైల్‌ని మార్చనివ్వదు. డిప్లాయ్‌మెంట్ అనేది ఆ పనితోపాటు జెమ్‌లను విడి ఫోల్డర్‌లో పెడుతుంది. ఇన్‌స్టాల్ కమాండ్‌కి --డిప్లాయ్‌మెంట్ తగిలించే పాత పద్ధతి బండ్లర్ 2.1 నుంచి వద్దన్నారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇవ్వడమే సులువు. రైల్స్ 7.1 నుంచి కొత్త అప్లికేషన్‌తో వచ్చే డాకర్‌ఫైల్‌లో బండిల్_డిప్లాయ్‌మెంట్ విలువ 1 అని ముందే పెట్టి ఇస్తున్నారు. మీది 7.0 కాలంలో చేత్తో రాసుకున్న డాకర్‌ఫైల్ కాబట్టి మీరే చేర్చుకోవాలి. కాపీ వరుసలో జెమ్‌ఫైల్‌తోపాటు జెమ్‌ఫైల్.లాక్ పేరు కూడా రాయండి. డాకర్ఇగ్నోర్ ఫైల్‌లో ఆ పేరు లేదని కూడా చూసుకోండి. గిట్ఇగ్నోర్‌ని కాపీ కొట్టి డాకర్ఇగ్నోర్ తయారు చేసుకునేవాళ్లు ఎక్కువ, అక్కడ ఈ వరుస దాక్కుని ఉంటుంది.

ఇదంతా చేశాక మీకు వెంటనే ఎదురయ్యే సమస్య ఒకటుంది, ముందే చెప్తున్నాను. ఇమేజ్‌లోంచి తీసిన లాక్ ఫైల్‌లో ప్లాట్‌ఫామ్స్ కింద లినక్స్ ఒక్కటే ఉంటుంది. ఎమ్1, ఎమ్2 మ్యాక్‌లు వాడేవాళ్లు బండిల్ ఇన్‌స్టాల్ కొట్టగానే బండ్లర్ వాళ్ల ప్లాట్‌ఫామ్‌ని చేర్చి ఫైల్ మారుస్తుంది. అనవసరమైన డిఫ్‌లు మొదలవుతాయి. దీనికి ఎదురు కేసు ఇంకా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టింది. మ్యాక్‌లో పుట్టిన లాక్ ఫైల్ లినక్స్ సీఐకి వెళ్తే, “మీ బండిల్ ఫలానా డార్విన్ ప్లాట్‌ఫామ్‌కే పనికొస్తుంది, ఇక్కడున్నది లినక్స్” అని బండ్లర్ ఆపేస్తుంది. బండ్లర్ 2.2, ఆ వెంటనే ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలతో వచ్చిన నోకోగిరి 1.11, ఈ రెండూ కలిసి 2021 మొదట్లో ఎన్నో టీమ్‌లకి ఈ ఎర్రర్‌ని పరిచయం చేశాయి. అన్ని ప్లాట్‌ఫామ్‌లూ ఒకేసారి, ఒకే కమిట్‌లో చేర్చేయండి:

    బండిల్ లాక్ --యాడ్-ప్లాట్‌ఫామ్ ఎక్స్86_64-లినక్స్ ఆర్మ్64-డార్విన్

మ్యాక్‌లోనే డాకర్ నడిపేవాళ్లుంటే, ఆ కంటైనర్ లోపల ఉండేది ఆర్మ్ లినక్స్ అని గుర్తుంచుకుని ఏఆర్చ్64-లినక్స్ కూడా చేర్చండి. ఇమేజ్ చిన్నదవుతుందని ఆల్పైన్ వాడుతుంటే అక్కడ సీ లైబ్రరీ మసల్, డెబియన్‌లో అది గ్లిబ్‌సీ. నోకోగిరి 1.17 నుంచి ఈ రెండింటికీ విడివిడి ప్యాకేజీలు ఇస్తున్నారు, లాక్ ఫైల్‌లో లినక్స్-గ్నూ, లినక్స్-మసల్ అని రెండు పేర్లు కనిపిస్తాయి. ఎవరైనా అడిగితే నేను రైల్స్‌కి డెబియన్ స్లిమ్ ఇమేజ్‌నే వాడమంటాను. ఆల్పైన్‌తో మిగిలే కొన్ని ఎంబీల కోసం ఇంత తలనొప్పి అక్కర్లేదు.

లాక్ ఫైల్ ఉంటే చాలు, ఏ రోజైనా అదే బిల్డ్ వస్తుంది అని నేను మాట ఇవ్వలేను. లాక్ ఫైల్ మీ ఎంపికని గుర్తుపెట్టుకుంటుంది, ఆ ఎంపిక చేసుకున్న వస్తువు రేపు కూడా దొరుకుతుందని హామీ ఇవ్వదు. 2021 మార్చి 24న రైల్స్ ప్రపంచం మొత్తానికి ఇది అనుభవంలోకి వచ్చింది. రైల్స్‌లో ఫైల్ అప్‌లోడ్‌లు చూసే యాక్టివ్ స్టోరేజ్ మార్సెల్ అనే జెమ్ మీద, మార్సెల్ మైమ్‌మ్యాజిక్ అనే జెమ్ మీద ఆధారపడేవి. మైమ్‌మ్యాజిక్ లోపల ఫైల్ రకాలను గుర్తుపట్టే ఒక డేటా ఫైల్ ఉంది. అది జీపీఎల్ లైసెన్స్‌ది (దాన్ని కలుపుకుని పంచేది కూడా అదే లైసెన్స్‌లో ఉండాలంటుంది), జెమ్ మాత్రం షరతులు తక్కువున్న ఎమ్ఐటీ లైసెన్స్‌తో పంచుతున్నారు. ఆ తప్పు దృష్టికి రాగానే దాన్ని నడిపే ఆయన పాత 0.3 వెర్షన్లను, అందరూ జెమ్‌లు దింపుకునే రూబీజెమ్స్ సైట్ నుంచి వెనక్కి తీసేసుకున్నారు. లైసెన్స్ పరంగా ఆయన చేసింది తప్పనలేం. కానీ లాక్ ఫైల్‌లో 0.3.5 అని రాసుకున్న ప్రతి రైల్స్ అప్లికేషన్‌కీ ఆ రోజు ఇన్‌స్టాల్ ఆగిపోయింది. రైల్స్ టీమ్ మార్చి 26న 5.2.5, 6.0.3.6, 6.1.3.1 విడుదల చేసింది. వాటిలో మైమ్‌మ్యాజిక్‌ని పూర్తిగా తప్పించి, అపాచీ టీకా డేటాతో పని చేసే మార్సెల్ 1.0 వాడారు. ఆ రెండు రోజులూ డిప్లాయ్ చేయాల్సిన టీమ్‌ల టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆ రోజుల్లో నిశ్చింతగా ఉన్నది జెమ్ ఫైళ్ల కాపీని తమ దగ్గర పెట్టుకున్నవాళ్లు. బండిల్ కాష్ కమాండ్ మీ లాక్ ఫైల్‌లోని జెమ్‌లన్నింటినీ వెండర్/కాష్ ఫోల్డర్‌లోకి దింపుతుంది. ఆ తర్వాత బండిల్ ఇన్‌స్టాల్ --లోకల్ నెట్‌వర్క్‌తో పని లేకుండా నడుస్తుంది. వాటిని రిపోలోనే పెట్టాలా అంటే, చిన్న టీమ్‌కి అక్కర్లేదనే చెప్తాను, రిపో బరువెక్కుతుంది. దానికి బదులు కంపెనీ లోపల జెమ్ ప్రాక్సీ సర్వర్ పెట్టుకోవచ్చు, లేదా పాత ఇమేజ్‌లను రిజిస్ట్రీ నుంచి తొందరపడి తుడిచేయకుండా ఉంచుకోవచ్చు. రాత్రికి రాత్రి వెనక్కి వెళ్లాల్సి వస్తే కొత్తగా బిల్డ్ చేయనక్కర్లేని పాత ఇమేజే ఆదుకుంటుంది. ఆసుపత్రి బిల్లింగ్ లాంటి, ఒక్క గంట కూడా ఆగకూడని అప్లికేషన్ అయితే మాత్రం కాష్ ఫోల్డర్‌ని రిపోలో పెట్టడానికి నేను వెనకాడను.

గిట్ నుంచి నేరుగా తెచ్చుకునే జెమ్‌లదీ ఇదే తంతు. జెమ్‌ఫైల్‌లో బ్రాంచ్ పేరు ఇచ్చినా, లాక్ ఫైల్‌లో కచ్చితమైన కమిట్ నంబరే పడుతుంది. అంతవరకు మంచిదే. కానీ అవతలివాళ్లు ఆ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ చేస్తే ఆ కమిట్ మాయమవ్వచ్చు. అలాంటి జెమ్ తప్పనిసరైతే మీ సొంత ఫోర్క్ నుంచి తెచ్చుకోండి.

లాక్ ఫైల్ చూడనివి ఇంకా ఉన్నాయి. రూబీ వెర్షన్‌ని జెమ్‌ఫైల్‌లో రాస్తేనే అది లాక్‌లోకి వస్తుంది. రూబీ-వెర్షన్ అనే చుక్క ఫైల్ ఎలాగూ ఉంటుంది కాబట్టి, జెమ్‌ఫైల్ దాన్నే చదివేలా రూబీ ఫైల్: ".రూబీ-వెర్షన్" అని రాయండి, బండ్లర్ 2.4.19 నుంచి ఈ సదుపాయం ఉంది. లిబ్‌విప్స్, పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ లాంటివి ఆప్ట్ (డెబియన్ ప్యాకేజీలు దింపే టూల్) నుంచి వస్తాయి, వాటి గురించి బండ్లర్‌కి ఏమీ తెలియదు. బేస్ ఇమేజ్ ట్యాగ్ కూడా కదులుతుంది, ఇవాళ్టి రూబీ 3.3 స్లిమ్ ఇమేజ్, వచ్చే నెల అదే పేరుతో వచ్చే ఇమేజ్ ఒకటి కావు. కచ్చితత్వం కావాలంటే ట్యాగ్ బదులు డైజెస్ట్‌తో (ఇమేజ్ లోపలి విషయాన్ని బట్టి వచ్చే గుర్తింపు సంఖ్య) బిగించాలి. మీరు ఈ వారమే అంత దూరం వెళ్లక్కర్లేదు.

భద్రత సంగతి మాత్రం వాయిదా వేయకండి. 2019లో స్ట్రాంగ్_పాస్‌వర్డ్ అనే జెమ్‌కి 0.0.7 వెర్షన్ వచ్చింది. దాని గిట్‌హబ్ రిపోలో ఆ వెర్షన్‌కి సంబంధించిన మార్పేదీ లేదు. ఎవరో ఆ జెమ్ యజమాని ఖాతాను చేజిక్కించుకుని రూబీజెమ్స్‌లోకి నేరుగా ఎక్కించారు. లోపలి కోడ్ ప్రొడక్షన్‌లో మాత్రమే మేల్కొని, పేస్ట్‌బిన్ అనే టెక్స్ట్ పంచుకునే సైట్ నుంచి ఇంకో కోడ్ తెచ్చుకుని నడిపేది. దీన్ని పట్టుకున్నది ఏ స్కానరో కాదు. తన అప్లికేషన్‌లో జెమ్‌లు అప్‌డేట్ చేస్తూ, లాక్ ఫైల్‌లో మారిన ప్రతి వెర్షన్ వెనక ఏం మారిందో ఒక్కొక్కటే చదువుతూ వెళ్లిన ఒక డెవలపర్. అదే ఏడాది ఆగస్టులో రెస్ట్-క్లయింట్ 1.6 వరుసలో కూడా ఇలాంటి దొంగ వెర్షన్లే బయటపడ్డాయి. లాక్ ఫైల్ లేని బిల్డ్ మెషీన్ అలాంటి వెర్షన్‌ని, అది వచ్చిన గంటలోనే, ఎవరినీ అడగకుండా ప్రొడక్షన్‌లోకి తెచ్చిపెట్టగలదు. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. లాగర్ ఎర్రర్ అయినా నయం, కనీసం అరిచి చెప్పింది.

బండ్లర్ 2.6 నుంచి బండిల్ లాక్ --యాడ్-చెక్‌సమ్స్ అని ఒక్కసారి నడిపితే, ప్రతి జెమ్‌కీ దాని షా256 విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) లాక్ ఫైల్‌లో చేరుతుంది. అదే వెర్షన్ నంబర్‌తో వేరే ఫైల్ వస్తే ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. మీరు కంపెనీ లోపలి జెమ్ సర్వర్ కూడా వాడుతున్నారు కాబట్టి, జెమ్‌ఫైల్ పైన రెండు సోర్స్ వరుసలు పక్కపక్కన పెట్టకండి. లోపలి జెమ్‌లను సోర్స్ బ్లాక్‌లో విడిగా పెట్టండి. లేకపోతే మీ లోపలి జెమ్ పేరుతోనే బయట ఎవరైనా ఒకటి ఎక్కిస్తే, ఏది ఎక్కడి నుంచి రావాలో తికమక అవుతుంది.

లాక్ చేశాం కదా అని వదిలేయడం ఇంకో రకం ప్రమాదం. మూడేళ్లు కదలని లాక్ ఫైల్ ఉన్న ఒక ప్రాజెక్ట్ నా చేతికి వచ్చింది. అప్పటికి అందులో తెలిసిన సెక్యూరిటీ లోపాల జాబితా పేజీలకొద్దీ ఉంది. ఒక జెమ్ కదిపితే ఇంకో పది కదిలేంత బిగుసుకుపోయింది. వారానికోసారి బండిల్ అవుట్‌డేటెడ్ చూసి, ప్యాచ్ స్థాయి వాటిని చిన్న చిన్న పుల్ రిక్వెస్ట్‌లుగా పంపండి. డిపెండబాట్ అనే గిట్‌హబ్ బాట్ ఆ పనే చేస్తుంది, ఒకేసారి ఇరవై తెరవకుండా పరిమితి పెట్టుకోండి. సీఐలో బండ్లర్-ఆడిట్ పెట్టండి. అది మీ లాక్ ఫైల్‌ని రూబీ సెక్యూరిటీ హెచ్చరికల డేటాబేస్‌తో పోల్చి చూస్తుంది. లాక్ ఫైల్ రిపోలో లేని మీకు ఇన్నాళ్లూ అది పెట్టుకునే వీలే లేదు.

జావాస్క్రిప్ట్ వైపు కూడా ఒకసారి చూడండి. మీ రిపోలో యార్న్.లాక్, ప్యాకేజ్-లాక్.జేసన్ రెండూ ఉన్నాయని రాశారు. ఒకటే ఉండాలి. ఎవరో ఎన్‌పీఎమ్‌తో, ఇంకెవరో యార్న్‌తో ఇన్‌స్టాల్ చేస్తున్నారని దానర్థం. ఎన్‌పీఎమ్ ఉంచుకుంటే సీఐలో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ వాడండి, లాక్ ఫైల్‌తో పొంతన లేకపోతే అది ఆగిపోతుంది. యార్న్ పాత వెర్షన్ అయితే --ఫ్రోజెన్-లాక్‌ఫైల్, కొత్తది అయితే --ఇమ్మ్యూటబుల్.

చివరగా మీ కంపెనీ లోపలి జెమ్ గురించి. లైబ్రరీలకి లాక్ ఫైల్ కమిట్ చేయొద్దని రూబీ లోకంలో చాలా ఏళ్లు చెప్పుకున్నాం. ఆ జెమ్‌ని వాడుకునే అప్లికేషన్ దాని లాక్ ఫైల్‌ని చూడనే చూడదు, జెమ్‌స్పెక్‌లోని (జెమ్ తన వివరాలు చెప్పుకునే ఫైల్) షరతులను మాత్రమే చూస్తుంది, అందుకే ఆ సలహా. ఇప్పుడు నేను కమిట్ చేయమనే అంటాను. దానివల్ల ఆ జెమ్ మీద పని చేసేవాళ్లందరికీ ఒకే వాతావరణం దొరుకుతుంది, కొత్తగా చేరినవాళ్ల దగ్గర మొదటి రోజే టెస్టులు పగలవు. కానీ దానితోపాటు సీఐలో రెండో జాబ్ ఒకటి పెట్టండి. అది లాక్ ఫైల్‌ని తీసేసి, ఆ రోజుకి దొరికే తాజా వెర్షన్లతో రోజూ రాత్రి టెస్టులు నడపాలి. అప్లికేషన్‌లో వద్దన్న పని లైబ్రరీలో కావాలని చేయిస్తున్నాను, ఎందుకంటే మీ జెమ్‌ని వాడుకునే టీమ్‌లకి ఏ వెర్షన్లు పడతాయో మీ చేతుల్లో ఉండదు. కన్‌కరెంట్-రూబీ 1.3.5 లాంటిది ఈసారి వస్తే, వాళ్ల డిప్లాయ్ కన్నా ముందు మీ రాత్రి జాబ్‌లోనే బయటపడాలి. ఆ జాబ్ ఫెయిలైతే మెర్జ్‌లు ఆపొద్దు, కేవలం టీమ్ ఛానెల్‌లో మెసేజ్ పడేలా పెట్టుకోండి.